గంగులుతో చెప్పు

మా ఇంట్లో అందరికంటే మాటకారి ఎవరంటే నేను గంగులు పేరే చెబుతాను. వాడు కుక్క. పనిలేకుండా మొరిగి ఎరగడు. అయినా నేను కాపరం చేసిన తొలి ఏళ్ళలో మా సంసారమంతా వాడి చెవుల మీదుగానే నడిచింది. యువ నామ సంవత్సరం ఎండాకాలంలో వాడు పోయినాక గానీ ఆ సంగతి మాకు బోధపడలేదు.

అప్పుడు మాది కర్నూలు జిల్లా. మార్కాపురం నుంచి తర్లుపాడు పోయే బండిబాట పక్కన ఊరు. మట్టి మిద్దె, దాని ముందు వసారా, ఊరవతల కాస్త మెట్టచేను, ఒక గొర్రెల మంద. మా ఇండ్లలో కోడలు మామకు ఎదురుపడి మాట్లాడదు. మామ వసారాలో ఉంటే కోడలు తలుపు చాటునే. ఇక పేరు పలకడమనేది లేనే లేదు. మా మామ పేరు నేను ఈ రోజుకూ పలకను. ఊళ్ళోవాళ్ళు కాటమరాజు అనేవాళ్ళు. అది వాళ్ళ నోటిమాట, నాది కాదు.

అత్త ఉన్నన్నాళ్ళు ఏ ఇబ్బందీ లేదు. నేను అత్తకు చెబితే అత్త మామకు చెప్పేది, మామ చెప్పింది మళ్ళీ నాకు వచ్చేది. దారిలో అత్త తన మాట కూడా కాస్త కలిపేదనుకోండి, అది ఆమె హక్కు. నేను కాపరానికి వచ్చిన మరుసటి ఏడే ఆమె పోయింది. అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు. ఇంట్లో ఉప్పు నిండుకుందని చెప్పుకోలేని ఉత్తమురాలిని నేను. మా ఇంటాయన ఊళ్ళో ఉంటే ఆయనతో చెప్పేదాన్నే. ఆయన కోతలు కాగానే మందను తోలుకొని కంభం చెరువు కింది పొలాలకు వెళ్ళిపోయేవాడు. రాత్రిపూట రైతుల చేలల్లో మంద నిలిపితే చేనుకు ఎరువు, మాకు గింజలు. తొలకరి పడేదాకా ఇంటి ముఖం చూడడు.

ఒక పొద్దున నిజంగానే ఉప్పు నిండుకుంది. మామ వసారాలో కూర్చొని కదురు తిప్పుతూ ఉన్ని వడుకుతున్నాడు. నేను తలుపు చాటున నిలబడి దగ్గాను. గాజులు ఆడించాను. చెంబు కింద పడేశాను. ఆయన తల తిప్పలేదు. కోడలు లోపల చప్పుడు చేస్తుంటే తిరిగి చూడడం ఆయన దృష్టిలో మర్యాద కాదు. గడప పక్కన గంగులు పడుకొని ఉన్నాడు. విసుగెత్తి వాడితోనే అన్నాను.

"ఒరే గంగులూ, ఉప్పు నిండుకుందిరా. రేపు నీకు చప్పిడి సంగటే."

వాడు ఒక చెవి కదిలించాడు. మామ కదురు ఆగలేదు. సాయంత్రం ఆయన ఊళ్ళోకి పోయి వచ్చి, ఉప్పు మూట గడప లోపలికి జరిపాడు.

"ఒరే గంగులూ, ఉప్పు తెచ్చినా. చాలుతుందేమో చూసుకోమను."

అంతే, ఆ రోజు నుంచి వాడు మా ఇద్దరి నడుమ నిలబడ్డాడు. నిలబడ్డాడంటే పడుకున్నాడు. లోకంలో పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి మాట్లాడుకుంటారు. మేము కుక్క మీద పెట్టి మాట్లాడుకున్నాం. "ఒరే గంగులూ, బురదకాళ్ళతో వచ్చి అలికిన చోట తొక్కితే, అలికినోళ్ళ నడుములు ఏం కావాల్రా" అనేదాన్ని. గంగులు ఆ పూట లేచిందే ఉండదు. మరుసటి రోజు మామ చెంబెడు నీళ్ళతో కాళ్ళు కడుక్కొని వసారా ఎక్కేవాడు. తన వంతు వచ్చినప్పుడు ఆయనా తక్కువ తినలేదు. "ఏంరా గంగులూ, ఈ పొద్దు పులుసులో ఇంత కారం ఎవరి మీద కోపమో నీకేమన్నా తెలుసునా?" అని అడిగేవాడు సంగటి ముందు కూర్చొని. నేను లోపల కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుకునేదాన్ని. ఒకసారి గోగాకు పులుసు తిని, "ఒరే గంగులూ, మీ ముత్తాత గూడ ఇట్లాంటి పులుసు తిని ఉండడురా" అన్నాడు. ఆ ఒక్క మాట తలుచుకుంటూ చాన్నాళ్ళు పని చేసుకున్నాను.

గంగులు ఏమంత అందగాడు కాదు. ఎర్రమట్టి రంగు, ఎముకల గూడు, ఎడమ చెవి సగమే. మిగతా సగం నల్లమల అంచున ఒక తోడేలు దగ్గర ఉండిపోయింది. గంగమ్మ జాతరనాడు దొరికిన పిల్ల కాబట్టి మామ ఆ పేరు పెట్టాడు. వయసు మళ్ళి, మంద వెంట నడవలేక ఇంటిపట్టున ఉండిపోయాడు. గడప పక్కన వాడు రోజూ గీరి, చుట్టూ తిరిగి, ముడుచుకొని పడుకునే చోట నేల గుంత పడింది. నేను అలికేటప్పుడు వాణ్ణి లేపి ఆ గుంతను కూడా నున్నగా పూడ్చేదాన్ని. వాడు వచ్చి మళ్ళీ గీరేవాడు. ఆ ఒక్క విషయంలో మాత్రం మాకు ఎవరి సాయమూ అక్కరలేదు, నేరుగానే తగువు పడేవాళ్ళం.

అత్త పోయినప్పుడు మా ఆడబిడ్డ సుబ్బులమ్మ పొదిలి నుంచి వచ్చి, "నాయనా, నువ్వు నాతో వచ్చెయ్యి" అని పట్టుబట్టింది. మామ ఒకటే మాట అన్నాడు.

"గంగులు పొదిలికి రాడు. వాడు ఉన్నన్నాళ్ళు నేనూ యాడికీ రాను."

ఆడబిడ్డ మూతి ముడుచుకొని వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆ పూట కొర్రన్నం కూడా తియ్యగా ఉంది. నా పుట్టింట నాయన లేడు. నాకు ఊహ తెలియకముందే పోయాడు. ఇది అయిపోయింది, అది కావాలి అంటే తెచ్చిపెట్టే పెద్దమనిషి నాకు అత్తవారింట్లోనే దొరికాడు. కుక్క ద్వారా అయితే ఏం.

వైశాఖంలో ఒక పొద్దున గంగులు లేవలేదు.

మామ వాడి పక్కన గొంతుక్కూర్చొని, వీపు మీద చెయ్యి వేసి చాలాసేపు ఉన్నాడు. తర్వాత తన పాత గొంగడి తెచ్చి వాడికి చుట్టి, భుజాన వేసుకొని చేనుగట్టుకు నడిచాడు. ఆయన పార తీసుకుపోలేదని నాకు కాసేపటికి గుర్తొచ్చింది. పార పట్టుకొని వెనకాలే పరుగెత్తాను. ఎదురుగా పోయి చేతికి ఇవ్వడానికి కాళ్ళు రాక, చేను మొదట్లో ఆయనకు కనబడేలా పెట్టి, వచ్చేశాను. ఇంటికి వచ్చి పొయ్యి ముందు కూర్చొని వెక్కి వెక్కి ఏడ్చాను. కుక్క కోసం ఇంత ఏడుపా అంటారేమో, అనండి.

మామ వచ్చాడు, నీళ్ళు పోసుకున్నాడు, వసారాలో కూర్చున్నాడు. సంగటి పెట్టి చాటుకు వచ్చాను. ఆయన ముట్టలేదు. రెండు ముద్దలన్నా తినమని చెప్పాలని నా ప్రాణం కొట్టుకుంది. నోరు తెరిచాను కూడా. గడప పక్కన గుంత ఖాళీగా ఉంది. తెరిచిన నోరు మూసుకొని లోపలికి వెళ్ళాను. దాని వెనకాలే ఒక భయం వచ్చి కూర్చుంది. వాడు ఉన్నన్నాళ్ళు యాడికీ రానన్నాడు కదా మామ. ఇప్పుడు పొదిలి దారికి అడ్డం ఎవరున్నారు? ఆ ఎండాకాలమంతా నా భయం అదే.

రోహిణి ఎండకు రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఏడు మా ఇంట్లో రోలు ఒక్కటి తప్ప మిగతావన్నీ చెడ్డాయి. నీళ్ళకుండ కారి కారి అడుగు ఊడింది. బావి గిలక ఊరంతా వినేలా కీచుమనేది. నులకమంచం కుంగి, పడుకుంటే నడుము నేలకు తగిలేది. గంగులు ఉన్నప్పుడు మా వాకిలి తొక్కని పక్కింటి పుల్లమ్మ మేకలు, ఇప్పుడు పుట్టింటికి వచ్చినట్టు వచ్చి ఆరేసిన చీర కొంగు నమిలేవి. కోళ్ళు మేం తినే పళ్ళెం దాకా వచ్చేవి. కొండ దిగి వచ్చిన కోతి ఒకటి నా వడియాలు ఒళ్ళో పెట్టుకొని, మామ ఎదురుగా గోడ మీదే కూర్చొని తినసాగింది. మామ దాన్ని చూశాడు. అలవాటుగా పక్కకు చెయ్యి చాపి "ఉస్కో" అన్నాడు. పక్కన ఎవరూ లేరు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకొని కదురు పట్టుకున్నాడు. కోతి వడియాలన్నీ తినేసి పోయింది.

ఇవేవీ చెప్పుకోదగ్గ కష్టాలు కావు. చెప్పుకునే దారి లేకపోవడమే కష్టం. గిలకకు రెండు చుక్కలు ఆముదం పోస్తే సరిపోతుంది. కానీ ఆ గిలక మామ వేసింది, దాని సంగతి మామ చూడాలి, మామకు ఎవరు చెప్పాలి? ఒకరోజు తెగించి రోలుతో చెప్పాను. "ఏమే రోలా, ఆ గిలక అరుపు వినలేక చస్తాండా" అన్నాను గట్టిగా. మామ కదురు పక్కన పెట్టి, లేచి దొడ్లోకి వెళ్ళిపోయాడు. కోడలు తనలో తాను గొణుక్కుంటుంటే వినడం తప్పని ఆయన లేచిపోయాడట. అది నాకు తర్వాత తెలిసింది. కోడితో చెప్పబోతే కోడి పారిపోయింది. రోజూ తినడం కాగానే మామ చివరి ముద్దను పళ్ళెం అంచుకు జరిపి, కాసేపు దాని వైపు చూసి, లేచేవాడు. ఆ ముద్దను నేను కోళ్ళకు వేయలేక, మూట కట్టి తీసుకుపోయి చేనుగట్టు మీద పెట్టి వచ్చేదాన్ని.

ఇట్లా ఉండగా మిద్దె పగిలింది.

వసారా ఊడుస్తూ తలెత్తి చూస్తే, మూలన నెర్రె ఇచ్చి, అందులోంచి సన్నగా వెలుగు దిగుతోంది. సరిగ్గా కింద మామ మంచం. మట్టి మిద్దెలకు ఏటేటా తొలకరికి ముందు చౌడు పరిచి తొక్కాలి. ఆ ఉప్పుమన్ను వాన పడితే బిగుసుకొని నీళ్ళు దిగనివ్వదు. మామకు చూపు తగ్గింది, పైకి చూసే అలవాటూ పోయింది. మృగశిర దగ్గరికి వచ్చేసింది. ఇక ఎవరో ఒకరితో చెప్పించక తప్పదు.

పుల్లమ్మ మామ ఈడుది, ఆయన్ను రాజన్నా అని పిలిచే చనువుంది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. అందుకే నమ్మి చెప్పాను. నానకపోవడం వేరు, గింజలన్నీ బయటికి రావడం వేరని నాకు అప్పుడు తట్టలేదు.

"పుల్లమ్మత్తా, వసారా మూలన మిద్దె నెర్రె ఇచ్చింది. మామ మంచం మీదికే ఉండాది. వానకు ముందు చౌడు వేయించాల. అందాకా ఆయన ఆ మూలన పండుకోవద్దని, లోపల గదిలో మంచం వేస్తానని ఒక మాట చెప్పు."

"అదెంత పనమ్మీ. కల్లం కాడ కనపడితే చెప్తాలే."

ఆ సాయంత్రం మామ తన మంచం నెత్తిన పెట్టుకొని కల్లానికి వెళ్ళిపోయాడు. గాలి కోసమేమో అనుకున్నాను. మరుసటి రోజు వచ్చి, తిని, పళ్ళెం తనే కడిగి బోర్లించి వెళ్ళాడు. చుట్టమైనా అట్లా చేయడు. కదురు కూడా కల్లానికి పోయింది. చౌడు ఊసే లేదు. నేను లోపల గదిలో ఊడ్చి, నీళ్ళు చల్లి, మంచం వేసే చోటు సిద్ధం చేసి పెట్టి, ఎదురు చూస్తూ కూర్చున్నాను.

వారం తిరగకముందే పొదిలి బండి మా వాకిట్లో ఆగింది. ఆడబిడ్డ చీర ఎగదోపుకొని దిగింది. ఆమె పెనిమిటి వెంకటసుబ్బయ్య ఎద్దులను పట్టుకొని నిలబడ్డాడు. ఆయన మాట్లాడితే వానొస్తుందనేవాళ్ళు.

"ఏమే శ్రీశైలా, మా నాయనను ఇంట్లో పండుకోవద్దన్నావంట."

నా చేతిలో చేట జారి, జొన్నలు వాకిలంతా పరుచుకున్నాయి. "నేనా వదినా? ఎవరన్నారు?"

"పుల్లమ్మత్త చెప్పిందంట. కోడలికి నేను బరువైనా, వచ్చి తోలుకపో అని సంతకు వచ్చిన మనిషితో నాకు కబురు చేసినాడు."

ఆడబిడ్డతో మాట్లాడడానికి నాకు కుక్క అక్కరలేదు. జరిగిందంతా చెప్పాను. ఆమెను వసారాలోకి లాక్కొచ్చి నెర్రె చూపించాను. గదిలోకి తీసుకుపోయి ఊడ్చిన చోటు చూపించాను. ఆమె నోరు పెద్దదే గానీ మనసు చెడ్డది కాదు. అప్పటికప్పుడు కల్లానికి పోయి మామను పిలుచుకొచ్చి వసారాలో కూర్చోబెట్టింది. నేను తలుపు చాటున నిలబడ్డాను.

"నాయనా, పుల్లమ్మత్త చెప్పింది సగమే. మిద్దె పగిలింది, నీ మీద పడ్తాది, లోపల పండుకొమ్మనింది ఈ పిల్ల. నిన్ను పొమ్మనలేదు."

"నువ్వు సర్ది చెప్తాండావులే అమ్మా."

"నేనెందుకు సర్ది చెప్తా? నువ్వు వస్తే నాకు సంతోషమే గదా."

"మనుషుల నోట్లో పడి వచ్చిన మాట, మొదట ఎట్ల ఉండెనో ఎవరికి తెలుసు? పుల్లమ్మ సగం తీసేసిందంటావు. నువ్వు సగం కలపలేదని ఏంది?"

"మరి ఎవరు చెప్తే నమ్ముతావు నువ్వు?"

మామ గొంతు మెత్తబడింది.

"గంగులు ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తియ్యలేదు. ఆ యమ్మి మాట్లాడేది నాతోనే అనుకుంటి ఇన్నాళ్ళు. వాడు పోయినాక ఈ ఇంట్లో నాకు ఒక్క మాట లేదు. ఆమె మాట్లాడింది కుక్కతోనే, నేనే నాతో అనుకుంటి. పోనీలే అమ్మా, ఆ పిల్లనేమీ అనబాక. రేపు పొద్దున బండి కట్టమను."

తలుపుకు ఆనుకొని ఉన్నదాన్ని అట్లాగే జారి కూర్చున్నాను. నేను మాట్లాడనందుకు ఆయనకు నా మీద కోపం లేదు. బాధ. నేను మాట్లాడడం ఆయనకు అంత ఇష్టమని ఆ మాటతోనే తెలిసింది. బయటికి పోయి ఎదురుగా నిలబడి చెప్పేయాలనిపించింది. పోలేకపోయాను. పోయినా ఆయన తల వంచుకొని, సిగ్గుపడి, ఇంకా తొందరగా బండెక్కేవాడు. కోడలికి తన ముందు నోరు విప్పే గతి పట్టించానని పొదిలిలో కూర్చొని కుమిలేవాడు. మా ఇండ్ల సంగతి మాకే తెలుసు.

ఆడబిడ్డ లోపలికి వచ్చి నా పక్కన కూర్చుంది. "విన్నావు గదా. ఇంక నేనేం చేసేదమ్మీ" అంది. నిజమే, ఆమె ఏం చేస్తుంది.

పొద్దున్నే లేచి వాకిలి, వసారా అలికాను. చేతులకు ఏదో ఒక పని కావాలి కదా. వెంకటసుబ్బయ్య ఎద్దులను కాడికి కట్టాడు. ఆడబిడ్డ బండెక్కి, గడ్డి సర్ది, నాయనకు మెత్తగా ఉండేలా బొంత పరిచింది. మామ భుజాన గొంగడి, చేతిలో కర్ర, నడుముకు కదురు కట్టుకొని వసారా దగ్గరికి వచ్చాడు. ఇంటి వైపు ఒకసారి చూద్దామని వచ్చాడేమో. వచ్చినవాడు గడప పక్కన చూసి ఆగిపోయాడు.

నేను గుంతను అలకలేదు. గంగులు పోయినప్పటి నుంచీ అంతే, దాని చుట్టూ అలికి వదిలేస్తున్నాను. నున్నగా అలికిన నేల నడుమ ఆ ఎండుమట్టి గుంత, వాడి గోళ్ళ గీరలతో సహా, వాడు ఇప్పుడే లేచిపోయినట్టు ఉంది. మామ దాన్నే చూస్తున్నాడు. నేను తలుపు చాటు నుంచి అదే చూస్తున్నాను. నా నోరు ఎప్పుడు తెరుచుకుందో నాకు తెలియదు.

"ఒరే గంగులూ."

బండి మీద ఆడబిడ్డ తల తిప్పింది. మామ కదల్లేదు.

"ఒరే గంగులూ, పెద్దాయన పండుకునే మూలన మిద్దె నెర్రె ఇచ్చిందిరా. చౌడు తోలించాల. నేను పండుకోవద్దన్నది ఆ మూలన, ఇంట్లో కాదు." మొదలుపెట్టాక ఇక ఆపలేదు. "నువ్వు పోయినాక నాకు మాట్లాడే దారి లేకపాయె. రోలుతో చెప్పినా, కోడితో చెప్పినా. అన్నీ ఆయనతో చెప్పాల్సినవే. ఆయన గూడ పోతే ఉప్పు అయిపోయిందని నేను ఎవరికి చెప్పేదిరా? పోవద్దని చెప్పు."

ఎద్దుల మెడలో గంటలు చప్పుడయ్యాయి. ఆడబిడ్డ ఏదో అనబోతే వెంకటసుబ్బయ్య వద్దన్నట్టు చెయ్యెత్తాడు. మామ తలెత్తి వసారా మూలకు చూశాడు. కళ్ళు చికిలించి, ఆ సన్నటి వెలుగు కనపడేదాకా చూశాడు. తర్వాత కర్ర గోడకు ఆనించి, గుంత పక్కన గొంతుక్కూర్చొని, దాని అంచు మీద అరచెయ్యి పెట్టాడు.

"ఒరే గంగులూ," అన్నాడు. "ఎద్దులను ఇప్పమను."

నేను కొంగుతో ముఖం కప్పుకున్నాను. కాసేపటికి మళ్ళీ ఆయన గొంతే వినపడింది.

"కాదు, ఉండనీ. అంత దూరం నుంచి వచ్చిన బండి ఊరికే పోవడమెందుకు? చౌడు తోలమను."

మామను తీసుకుపోవడానికి వచ్చిన పొదిలి బండి ఆ రోజంతా వాగు పక్క నుంచి చౌడు తోలింది. వెంకటసుబ్బయ్య ఒక్క మాట అనకుండా గంపలెత్తాడు. ఆడబిడ్డ మాత్రం అనాల్సినవన్నీ అంది. "నాయనను తోలుకపోదామని వస్తే నాతో మన్ను మోయిస్తాండారు, ఇదేం ఇల్లమ్మా ఇది" అంటూనే నిచ్చెన ఎక్కింది. ఎక్కి, పక్కింటి వాకిట్లో ఏమీ ఎరగనట్టు చింతపండు దంచుకుంటున్న పుల్లమ్మను కేకేసింది. "అత్తా, సగం మాట మింగినావు గదా, అది అరగాల్నంటే వచ్చి చౌడు తొక్కు." పుల్లమ్మ నవ్వుకుంటూ వచ్చి తొక్కింది. మిద్దె మీద నుంచి మామ కిందికి వినపడేలా అరుస్తున్నాడు. "ఒరే గంగులూ, ఇంకో గంప అందియ్యమను. ఒరే గంగులూ, నీళ్ళు చల్లమను." నేను గంప అందించాను, నీళ్ళు అందించాను. అంత సంతోషంగా మన్ను మోసిన రోజు నాకు మళ్ళీ రాలేదు.

సాయంత్రం నేను గోగాకు పులుసు చేశాను. బండి మరుసటి రోజు ఖాళీగా పొదిలి పోయింది. ఖాళీగా అంటే, ఆడబిడ్డ పోతూ పోతూ నా దగ్గరున్న గోగాకు ఊరగాయ కుండ మొత్తం ఎత్తుకుపోయింది.

ఆ తర్వాత గిలకకు ఆముదం పడింది, మంచానికి కొత్త నులక పడింది. కోతి మళ్ళీ వచ్చింది. ఈసారి మామ తనే రాయి విసిరాడు, తగల్లేదు గానీ కోతికి మర్యాద తెలిసింది. మృగశిర రెండో పూటకే వాన కొట్టింది. మామ తన పాత మూలనే మంచం వేసుకొని, పైకి చూస్తూ కూర్చున్నాడు.

"ఒరే గంగులూ, ఒక్క చుక్క దిగలేదని చెప్పు."

"ఒరే గంగులూ, నేను ముందే చూసుకున్నానని చెప్పు."

"ఒరే గంగులూ, చూసుకుంటే చాలదు, వేడిగా ఏమన్నా పెట్టొచ్చు గదా అని అడుగు."

శనగలు వేయించి పెట్టాను.

చేలల్లో విత్తనానికి గొర్రు పట్టే వేళకు మా ఇంటాయన మందను తోలుకొని వచ్చాడు. కాళ్ళు కడుక్కొని వసారాలో తండ్రి పక్కన సంగటికి కూర్చున్నాడు. నేను చాటున ఉన్నాను.

"ఒరే గంగులూ, వానికి ఇంకింత మజ్జిగ పొయ్యమను" అన్నాడు మామ.

"ఒరే గంగులూ, మజ్జిగ అయిపోయినాది, పెరుగుందని చెప్పు" అన్నాను నేను.

మా ఇంటాయన చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. గుంత వైపు చూశాడు. తండ్రి వైపు చూశాడు. తలుపు వైపు చూశాడు.

"నాయనా, గంగులు..."

"చచ్చిపోయినాడు. నీకు కబురు రాలేదా?"

"వచ్చింది."

"మరి తిను."

ఆయన తిన్నాడు, తింటూ మా ఇద్దరినీ ఓరగా చూస్తూనే ఉన్నాడు. తినడం అయినాక, వాకిట్లో మూటగా పెట్టిన గొంగడి తెచ్చి విప్పాడు. అందులోంచి కళ్ళు సరిగా తెరవని నల్లటి కుక్కపిల్ల దొర్లింది. కబురు తెలిసినప్పటి నుంచీ వెతికి, రాచర్ల దగ్గర వేరే మందలోంచి అడిగి తెచ్చాడట. అది వసారా అంతా మూతి ఆనించుకుంటూ తిరిగి, గడప దగ్గరికి వచ్చి, వాసన చూసి, గుంతలోకి జారి, అక్కడే చుట్టూ తిరిగి పడుకుంది. అంత గుంతలో అది చింతగింజంత ఉంది. నాకు కళ్ళు నిండాయి.

"ఇంక దీనితో చెప్పుకోండి. ఖాళీ గుంతతో చెప్తే జనం ఏమనుకుంటారు?" అన్నాడు మా ఇంటాయన.

"దీనికింకా మాటలు యాడ వచ్చినాయిరా? పిల్లది" అన్నాడు మామ.

"ఒరే గంగులూ, ముందు దాని కడుపు నిండాల. పాలు యాడున్నాయో అడుగు" అన్నాను.

"ఒరే గంగులూ, మందలో పాలమేక వచ్చింది గదా, నేను పిండుకొస్తా. చెంబు ఇయ్యమను."

మామ లేచి గడప దగ్గరికి వచ్చాడు. నేను చెంబు కడిగి తెచ్చి, ఎప్పటిలాగా గడప లోపల పెట్టబోయి ఆగాను. తలుపు చాటు నుంచే చెయ్యి బయటికి చాపాను. మామ చెంబు అందుకొని మేక దగ్గరికి వెళ్ళాడు.